కల్పిత దేశపు ఫుట్‌బాల్ జట్టుకు సంప్రదాయాలు రావాలంటే ముందు ఆ జట్టు ఓడిపోవాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హిందూ మహాసముద్రంలో నాలుగు లక్షల జనాభా ఉన్న ఒక ద్వీప దేశాన్ని ఊహించుకున్నారు. దానికి 'సాగరిక' అని పేరు పెట్టి, ఆ దేశపు ఫుట్‌బాల్ జట్టు చుట్టూ నవల రాస్తున్నారు. జట్టుకు జెండా రంగుల జెర్సీ, 'సముద్ర సింహాలు' అనే బిరుదు ఇచ్చారు. మ్యాచ్‌కు ముందు కెప్టెన్ శంఖం ఊదుతాడు, ఆటగాళ్లంతా సొంత ఊరి ఇసుక నుదుటికి పెట్టుకుంటారు, చనిపోయిన ఒక ఆటగాడి గుర్తుగా 7వ నంబరు జెర్సీ ఎవరికీ ఇవ్వరు. ఇంత చేసినా చదివిన స్నేహితులు "టూరిజం బ్రోచర్‌లా ఉంది, నమ్మబుద్ధి కావడం లేదు" అన్నారట. లోపం ఎక్కడుందని అడిగారు.

నేను ఇరవై ఆరేళ్లు ఒక తెలుగు పత్రికలో స్పోర్ట్స్ డెస్క్ చూశాను. అర్ధరాత్రి దాటాక ఏజెన్సీ వార్తలు తెలుగు చేస్తూ, పేజీ వదిలేలోపు నాలుగు లైన్ల నేపథ్యం వెతికి రాయడం నా పని. అలా వెతికిన ప్రతిసారీ ఒకటే కనిపించేది. ఏ దేశపు సంప్రదాయాన్ని తవ్వినా అడుగున ఒక ఓటమో, ఒక కొరతో, ఒక పొరపాటో ఉంటుంది. మీ సాగరికకు అవేవీ లేవు. మీరు సంప్రదాయాలను ముందు తయారుచేసి, వాటికి కారణాలను తర్వాత వెతుకుతున్నారు. నిజంలో అది తలకిందులుగా జరుగుతుంది.

జెర్సీతో మొదలుపెడదాం. ప్రపంచంలో అందరికీ తెలిసిన జెర్సీ బ్రెజిల్ వాళ్ల పసుపు జెర్సీ. అది అనాదిగా ఉందనుకుంటాం. కానీ 1950 దాకా వాళ్లు తెల్ల చొక్కాలే వేసుకున్నారు. ఆ ఏడాది ప్రపంచ కప్ వాళ్ల దేశంలోనే జరిగింది. జులై 16న రియోలోని మరకానా స్టేడియంలో ఉరుగ్వేతో చివరి మ్యాచ్. డ్రా చేసుకున్నా కప్పు బ్రెజిల్‌దే. దాదాపు రెండు లక్షల మంది చూస్తుండగా బ్రెజిల్ ముందు ఒక గోల్ కొట్టింది. తర్వాత ఉరుగ్వే తరఫున స్కియాఫినో సమం చేశాడు. ఇంకో పదకొండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా ఘిగ్గియా రెండో గోల్ కొట్టాడు. 2-1. అంత పెద్ద స్టేడియం శ్మశానంలా అయిపోయింది. గోల్ కీపర్ బార్బోసాను ఆ గోల్ 2000లో ఆయన చనిపోయే దాకా వదల్లేదు.

జనం కోపం చొక్కా మీద కూడా పడింది. తెలుపు అచ్చిరాలేదన్నారు, అందులో దేశం కనిపించడం లేదన్నారు. 1953లో 'కొరెయో ద మన్యా' అనే పత్రిక కొత్త జెర్సీ కోసం పోటీ పెట్టింది. జెండాలోని నాలుగు రంగులూ వాడాలన్నది షరతు. గెలిచింది అల్దిర్ గార్సియా ష్లే అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు. ఊరు జగ్వారాన్. నది దాటితే అవతల ఉరుగ్వే. తర్వాత రచయితగా పేరు తెచ్చుకున్న ఆయన, ఫుట్‌బాల్‌లో మాత్రం జీవితాంతం ఉరుగ్వేనే అభిమానించాడు. బ్రెజిల్ గుండెకు హత్తుకున్న చొక్కాను గీసినవాడి మనసు, ఆ గుండెను పగలగొట్టిన జట్టు మీద ఉంది. ఇలాంటి మెలిక మీ నవలలో ఒక్కటైనా ఉందా?

కథ అక్కడితో ఆగలేదు. 1958 ఫైనల్లో ప్రత్యర్థి స్వీడన్ జెర్సీ కూడా పసుపే. బ్రెజిల్ రంగు మార్చుకోవాల్సి వచ్చింది. మళ్లీ తెలుపు వేసుకోవాలంటే ఆటగాళ్లకు టెన్షన్. అప్పటికప్పుడు నీలం చొక్కాలు కొని, పసుపు జెర్సీల మీది బ్యాడ్జీలు ఊడదీసి వాటికి కుట్టారు. జట్టుతో వెళ్లిన బృందానికి పెద్ద అయిన పౌలో మషాదో ద కర్వాల్యో వచ్చి, నీలం తమ అపరెసీడా మాత కప్పుకునే వస్త్రం రంగు అని ఆటగాళ్లకు ధైర్యం చెప్పాడు. 5-2తో గెలిచారు. ఇప్పటికీ బ్రెజిల్ రెండో జెర్సీ నీలమే. అవసరం కొద్దీ కొన్న చొక్కాకు ఒక మనిషి సమయానికి చెప్పిన మాట తోడైంది, గెలుపు దాన్ని స్థిరం చేసింది. నా లెక్కలో ఒక సంప్రదాయం పుట్టుక అచ్చం ఇలాగే ఉంటుంది.

జెండా రంగులే జెర్సీకి రావాలన్న నియమం కూడా ఎక్కడా లేదు. ఇటలీ జెండాలో నీలం లేదు. 1911లో వాళ్లు వేసుకున్న నీలం అప్పటి సవాయ్ రాజవంశపు రంగు. 1946లో ప్రజలు ఓటేసి రాచరికాన్ని తీసేశారు గాని చొక్కా రంగును తీసేయలేదు. నెదర్లాండ్స్ నారింజ రంగు ఆరెంజ్ రాజవంశానిది. జర్మనీ తెలుపు-నలుపు ఏనాడో కనుమరుగైన ప్రష్యా రాజ్యానిది. అంటే జెర్సీ మీద చాలాసార్లు లేని రాజ్యాలు బతుకుతుంటాయి. మీ సాగరికను ఎవరో ఒకరు పాలించి వెళ్లే ఉంటారు. వాళ్లు వదిలిపోయిన రంగేదో ఆలోచించండి. ఆ రంగును మార్చాలని గొడవపడేవాళ్లు, వద్దని పట్టుబట్టేవాళ్లు కూడా నవలలో ఉండాలి.

బిరుదు గురించి ఎక్కువ చెప్పను. సింహాలు, గద్దలు, పులులు ప్రపంచంలో కొల్లలు. బెనిన్ అనే పశ్చిమ ఆఫ్రికా దేశపు జట్టును చాలాకాలం 'ఉడతలు' అని పిలిచారు. ఉడత చిన్నదే, కానీ చెట్టు చివరి దాకా ఎక్కుతుందని వాళ్ల వాదన. 2022లో దాన్ని 'చిరుతలు'గా మార్చారు. నాకు మాత్రం ఉడతే గుర్తుండిపోయింది. జాంబియా జట్టును ఒకప్పుడు 'కేకే లెవెన్' అనేవారు. కేకే అంటే దేశపు మొదటి అధ్యక్షుడు కెన్నెత్ కౌండా. 1991 ఎన్నికల్లో ఆయన ఓడిపోయాక జట్టు పేరూ మారింది, 'చిపోలోపోలో' అయింది. రాగి తూటాలు అని అర్థం. ఆ దేశం బతుకంతా రాగి గనుల మీదే కదా. ప్రభుత్వం మారితే జట్టు పేరు మారిన సంగతి ఒక్కటి చాలు, ఆ దేశం కళ్ల ముందుకొస్తుంది. సముద్ర సింహాలు అనే బదులు మీ ద్వీపంలో జనం తినే చేప పేరో, పొద్దున్నే పడవల మీద వాలే పిట్ట పేరో పెట్టండి.

జాంబియా పేరెత్తాను కాబట్టి దాని గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇది రాసేటప్పుడు ఇప్పటికీ నా చెయ్యి ఆగుతుంది. 1993 ఏప్రిల్ 27 రాత్రి జాంబియా జట్టు సెనెగల్‌తో ప్రపంచ కప్ క్వాలిఫయర్ ఆడడానికి సైనిక విమానంలో బయలుదేరింది. దారిలో గబాన్ రాజధాని లిబ్రవిల్‌లో ఇంధనం నింపుకొని పైకి లేచిన కాసేపటికే విమానం సముద్రంలో కూలింది. 30 మంది చనిపోయారు, అందులో 18 మంది ఆటగాళ్లు. వాళ్లలో గొప్ప ఆటగాడు కలూషా బ్వాల్యా యూరప్‌లో ఆడుతున్నందువల్ల ఆ విమానంలో లేడు. మిగిలినవాళ్లను, కొత్త కుర్రాళ్లను పోగుచేసి జట్టు కడితే, ఆ జట్టు మరుసటి ఏడాది ఆఫ్రికా కప్ ఫైనల్ దాకా వెళ్లి నైజీరియా చేతిలో ఓడింది.

ఆ తర్వాత 2012. ఆఫ్రికా కప్ ఫైనల్ లిబ్రవిల్‌లోనే జరిగింది, విమానం కూలిన తీరానికి దగ్గర్లోనే. జాంబియా ఫైనల్‌కు వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆటగాళ్లు ముందు సముద్రం ఒడ్డుకు వెళ్లి పూలు ఉంచారు. ఎదురుగా స్టార్ ఆటగాడు ద్రోగ్బా ఉన్న ఐవరీ కోస్ట్. 120 నిమిషాలు గోల్ లేదు. పెనాల్టీలు కొడుతున్నంత సేపూ జాంబియా ఆటగాళ్లు మైదానం మధ్యలో ఒకరి పక్కన ఒకరు నిలబడి పాడుతూనే ఉన్నారు. 8-7తో కప్పు గెలిచారు. అప్పటికి కలూషా ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షుడు.

ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, వాళ్లు ఆ పూలను ప్రతి మ్యాచ్ ముందు చేసే తంతుగా మార్చలేదు. ఆ తీరానికి వెళ్లాల్సిన రోజు వచ్చినప్పుడు వెళ్లారు. మీ ఆటగాళ్లు ప్రతి మ్యాచ్‌కూ ఇసుక నుదుటికి పెట్టుకుంటున్నారు, నలభై పేజీల్లో ఐదుసార్లు వచ్చింది ఆ దృశ్యం. మూడోసారికే పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. నుదురు అన్నది మనకు వెంటనే తట్టే చోటు, అందుకే రాశారేమో. దాన్ని వదిలేయండి. ఇసుక సంగతి చివర్లో మళ్లీ చెబుతాను.

చిన్న దేశాల గురించి తెలుసుకోవాలంటే ఫారో దీవులను చూడండి. 1990లో వాళ్ల జనాభా యాభై వేలు కూడా లేదు. ఐరోపా దేశాల కప్ అయిన యూరో అర్హత పోటీల్లో మొట్టమొదటి మ్యాచ్ ఆస్ట్రియాతో. తమ దీవుల్లో పచ్చిక మైదానం లేకపోవడంతో సొంత గడ్డ మీద ఆడాల్సిన మ్యాచ్‌ను స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనాలో ఆడుకున్నారు. సెప్టెంబర్ 12న 1-0తో గెలిచారు. గోల్ కొట్టిన టోర్కిల్ నీల్సన్ కలప వ్యాపారంలో ఉద్యోగి. గోల్ కీపర్ యెన్స్ మార్టిన్ క్నుడ్సన్ తలకు అల్లిన తెల్ల ఉన్ని టోపీ పెట్టుకుని ఆడాడు. చిన్నప్పుడు తలకు దెబ్బ తగిలింది, అప్పటి నుంచి జాగ్రత్త కోసం టోపీ. ఆ టోపీ ఆ దేశానికే గుర్తుగా మారింది. దాన్ని ఎవరూ డిజైన్ చేయలేదు, దాని వెనక ఏ పురాణమూ లేదు, ఉన్నదల్లా తలకు తగిలిన దెబ్బ.

ఐస్‌లాండ్ సంగతి ఇంకా బాగుంటుంది. 2016 యూరోలో ఇంగ్లండ్‌ను ఓడించాక, రెండు చేతులూ పైకెత్తి 'హూ' అంటూ చరిచే ఆ చప్పట్లు ప్రపంచమంతా పాకాయి, మన స్టేడియాల్లో కూడా కొట్టారు. వైకింగ్ చప్పట్లు అన్నారు. నిజానికి అది వైకింగులనే పాతకాలపు సముద్ర యోధుల ఓడల కాలం నాటిది కాదు. ఐస్‌లాండ్ క్లబ్ ఒకటి కొన్నేళ్ల ముందు స్కాట్లండ్ జట్టుతో ఆడినప్పుడు అక్కడి అభిమానుల దగ్గర విని తెచ్చుకున్నదే. అరువు తెచ్చుకున్నంత మాత్రాన దాని విలువ తగ్గలేదు. నాకు అంతకంటే నచ్చేది వాళ్ల అప్పటి కోచ్ హేమిర్ హాల్గ్రిమ్సన్ అలవాటు. ఆయన వృత్తికి దంతవైద్యుడు. సొంత గడ్డ మీద మ్యాచ్ ఉంటే, ముందు అభిమానులు కూర్చునే పబ్‌కు వెళ్లి, ఇవాళ ఎవరెవరు ఆడుతున్నారో, ఎలా ఆడబోతున్నారో మీడియాకంటే ముందు వాళ్లకు చెప్పేవాడు. ఆ మాట ఆ గది దాటి బయటికి పోయేది కాదు. మూడు లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశంలోనే అది కుదురుతుంది. మీ సాగరిక జనాభా నాలుగు లక్షలని రాశారు, కానీ ఆ చిన్నతనం కథలో ఎక్కడా కనిపించలేదు. అంత చిన్న దేశంలో సెంటర్ ఫార్వర్డ్‌ను తిట్టాలంటే పక్కన వాళ్ల మేనత్త ఉందేమో చూసుకోవాలి.

ఆటగాళ్లు ఎక్కడి నుంచి వస్తారో కూడా రాయలేదు మీరు. ద్వీపాల వాళ్లు పని కోసం ఊరు వదిలి వెళ్లడం మామూలే. కేప్ వెర్డీ అనే ద్వీప దేశపు జట్టులోని రాబర్టో లోపెస్ పుట్టి పెరిగింది డబ్లిన్‌లో, తండ్రిది కేప్ వెర్డీ. అప్పటి కోచ్ లింక్డ్‌ఇన్‌లో పోర్చుగీసులో మెసేజ్ పెడితే, అదేదో పనికిరాని మెసేజ్ అనుకుని వదిలేశాడు. నెలల తర్వాత మరో మెసేజ్ వస్తే గాని, తనను దేశం తరఫున ఆడమంటున్నారని అర్థం కాలేదు. మీ జట్టులో కూడా జాతీయ గీతం పెదాలతో మాత్రమే పలికే కుర్రాడు ఒకడుండాలి. అతనికి శంఖం కథ ఎవరో ఒకరు చెప్పాలి. అలా చెబుతున్నప్పుడు పాఠకుడికీ తెలుస్తుంది.

ఇప్పుడు మన సంగతి. సంప్రదాయం ఎంత తప్పుగా గుర్తుండిపోతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు. భారత జట్టు 1950 ప్రపంచ కప్‌కు వెళ్లలేదు. ఎందుకని అడిగితే ఎవరైనా చెప్పేది ఒకటే, బూట్లు లేకుండా ఆడనివ్వలేదని. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో ఎక్కువమంది ఉత్త కాళ్లతో ఆడిన మాట నిజం. ఫ్రాన్స్‌తో 2-1తో ఓడారు, అందులో రెండు పెనాల్టీలు వదిలేశారు. అయినా చూసినవాళ్లు మెచ్చుకున్నారు. కానీ 1950లో వెళ్లకపోవడానికి బూట్లు కారణం కాదని, అది తర్వాత చెప్పుకున్న సాకని అప్పటి ఆటగాడు శైలేన్ మన్నానే చెప్పారు. అప్పట్లో మన సంఘానికి ఒలింపిక్స్ ముఖ్యం, ప్రపంచ కప్ విలువ తెలియలేదు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక బూట్లు తప్పనిసరి చేశారు. నిజం ఇంత చప్పగా ఉంటే, ఉత్త కాళ్ల కథ జనానికి ఎంత బాగుంటుందో చూడండి! అందులో పేదరికం ఉంది, ఆత్మగౌరవం ఉంది. అందుకే అది చావదు.

దానికి అవతలి వైపు, మరిచిపోకూడనిది మరిచిపోయాం. నేను సికింద్రాబాద్‌లో పెరిగాను. చిన్నప్పుడు ఇరానీ హోటల్లో పెద్దవాళ్లు "రహీం సాబ్" అని ఒక పేరు గౌరవంగా పలికేవాళ్లు. ఆ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడి పంతులు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. బంతిని దగ్గర పెట్టుకోకుండా వెంటనే పాస్ ఇచ్చే ఆట నేర్పడానికి, డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో పోటీలు పెట్టేవారు. ఆయన కోచ్‌గా భారత్ 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. 1962 జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లేటప్పటికి ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాతో 2-0తో ఓడారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ను బయట కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియమంతా భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తోంది. పి.కె.బెనర్జీ ఒకటి, కుట్ల తలతో జర్నైల్ ఒకటి కొట్టారు, 2-1. మరుసటి ఏడాది జూన్‌లో రహీం పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

ఇదే ఇంకో దేశంలో జరిగి ఉంటే జర్నైల్ సింగ్ తల కట్టు ఒక జాతీయ చిహ్నం అయ్యేది. ప్రతి పెద్ద మ్యాచ్‌కు అభిమానులు తలకు తెల్ల గుడ్డ చుట్టుకుని వచ్చేవాళ్లు. మనకు చెప్పేవాళ్లు తగ్గిపోయారు, వినేవాళ్లు క్రికెట్‌కు వెళ్లిపోయారు. కాబట్టి మీ సాగరికలో ఒక సంప్రదాయం తప్పుడు కారణంతో బతికి ఉండాలి, ఇంకొకటి గొప్ప కారణం ఉండి కూడా చచ్చిపోయి ఉండాలి. రెండోదాన్ని గుర్తుపెట్టుకున్న ముసలాయన ఒకడుంటే మీ నవలకు ఆయనే ప్రాణం.

ఇక మీ లిస్టు. శంఖాన్ని ఉంచండి, కానీ కెప్టెన్ చేతిలోంచి తీసేయండి. సాగరిక మొదటి మ్యాచ్‌లో 9-0తో ఓడిందనుకోండి. సముద్రపు గాలి హోరులో రిఫరీ విజిల్ ఎవరికీ వినపడలేదు. ఆట అయిపోయిందని తెలియడానికి ఒడ్డున ఉన్న జాలరి ఒకాయన శంఖం ఊదాడు. రెండు నిమిషాలు ముందే ఊదాడని, జాలిపడి ఊదాడని ఊళ్లో ఒక వాదన. కాదు, సమయానికే ఊదాడని వాళ్ల కుటుంబం వాదన. ఈ రోజుకీ ఊదేది ఆ కుటుంబం వాళ్లే, ఆట చివర్లోనే. ఇసుక కూడా అంతే. గోల్ కీపర్ చేతులు చెమటకు బంతి జారకుండా ఒడ్డు నుంచి పొడి ఇసుక తెచ్చి రుద్దుకునేవాడు. ఫారో వాళ్లలాగే సొంత మైదానం పనికిరాదన్నారు కాబట్టి, పరాయి దేశంలో ఆడడానికి వెళ్తూ టిఫిన్ డబ్బాలో పోసుకెళ్లాడు. ఇప్పుడు మంచి గ్లవ్స్ ఉన్నాయి, ఇసుకతో పని లేదు. డబ్బా మాత్రం ప్రతి ప్రయాణంలో బ్యాగులోకి వెళ్తుంది.

7వ నంబరు విషయంలో మీరు ఒక చిక్కును చూసుకోలేదు, అదే మీకు వరం. ప్రపంచ కప్‌లో జట్టు నంబర్లు 1 నుంచి వరుసగా ఉండాలి, మధ్యలో ఒకటి వదలడం కుదరదు. 2002లో మారడోనా గౌరవార్థం 10వ నంబరు లేకుండా అర్జెంటీనా జాబితా పంపితే ఫిఫా ఒప్పుకోలేదు, ఒర్టెగా ఆ నంబరుతో ఆడాడు. అంతకు ముందు ఇదే అర్జెంటీనా 1978, 1982ల్లో ఇంటి పేర్ల అక్షర క్రమంలో నంబర్లు ఇచ్చింది. అలా 1982లో మిడ్‌ఫీల్డర్ ఆర్డిలెస్‌కు 1వ నంబరు వచ్చింది, గోల్ కీపర్ ఫిలోల్ 7వ నంబరుతో ఆడాడు. మారడోనాకు మాత్రం మినహాయింపు ఇచ్చి 10 ఇచ్చారు.

మీ కథలో సాగరిక మొదటిసారి ప్రపంచ కప్‌కు అర్హత సాధిస్తుంది కదా. జాబితా పంపడానికి రాత్రి పన్నెండు వరకే గడువు. 7 ఎవరో ఒకరు వేసుకోవాలి. చనిపోయిన ఆటగాడి తల్లి ఇంకా బతికే ఉంది, స్టేడియానికి నాలుగు వీధుల అవతలే ఉంటుంది. కోచ్, కెప్టెన్, ఆ విదేశాల్లో పుట్టిన కుర్రాడు ముగ్గురూ వెళ్లి ఆమె తలుపు తట్టారు. ఏం అడగాలో ముగ్గురికీ తెలియదు. ఆమె టీ పెడుతోంది. నవలను ఆ వంటింట్లో మొదలుపెట్టండి, జెర్సీ రంగు గురించి యాభయ్యో పేజీలో చెప్పుకోవచ్చు. ఆ ఒక్క అధ్యాయం రాసి పెడితే తప్పకుండా చదువుతాను.